మసాజ్ ‘అందరికీ’ అంటే ఏమిటి? ‘మీకు చేయలేం’ అనడం ఎప్పుడు జాగ్రత్త, ఎప్పుడు వివక్ష?

విశాఖపట్నంలో ఒళ్లు పట్టించుకోవడానికి చోటుకు కొదవ లేదు. ద్వారకానగర్, సిరిపురం, ఎంవీపీ కాలనీ, గాజువాక, ఎటు వెళ్లినా స్పా బోర్డో కేరళ ఆయుర్వేదం బోర్డో ఫిజియోథెరపీ క్లినిక్కో కనిపిస్తుంది. పేపర్లో మాత్రం మసాజ్ అన్న మాట ఎక్కువగా పోలీసు దాడుల వార్తల్లోనే దర్శనమిస్తుంది. ఈ హడావిడిలో ఒక ప్రశ్న ఎవరికీ పట్టలేదు. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లు, చెవులు వినపడనివాళ్లు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లు, బాగా భారీకాయులు, ట్రాన్స్‌జెండర్లు మసాజ్ కావాలని వెళ్తే ఏమవుతుంది?

చాలా చోట్ల వినిపించే జవాబు ఒకటే: ‘సారీ అండీ, మీకు చేయలేం.’ కొన్ని సందర్భాల్లో అది నూటికి నూరుపాళ్లు సరైన మాట. చెయ్యి వేస్తే ప్రాణం మీదికి వచ్చే పరిస్థితులు ఉన్నాయి. మరికొన్ని సందర్భాల్లో అదే మాట భయానికీ బద్ధకానికీ వేసిన ముసుగు. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా పట్టుకోవాలంటే కొంచెం వైద్యం, కొంచెం చట్టం, కొంచెం లెక్కలు తెలియాలి.

ఏ బోర్డు వెనక ఏముంది

ఫిజియోథెరపీ డిగ్రీ చదివి చేసే వైద్య వృత్తి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ చట్టం పరిధిలో ఉంది. అక్కడ మర్దన చాలా పనుల్లో ఒకటి మాత్రమే, అసలు పని కదలికలు తిరిగి నేర్పడం. ఆయుర్వేదంలో అభ్యంగం (ఒంటికి నూనె మర్దన), పంచకర్మ చికిత్సలు బీఏఎంఎస్ చదివిన వైద్యుల పర్యవేక్షణలో జరగాలి. స్పా మసాజ్ సంగతి వేరు. స్పా థెరపిస్టు కోసం నైపుణ్య శిక్షణ కోర్సులు ఉన్నాయి గానీ, వైద్యులకు ఉన్నట్టుగా మసాజ్ చేసేవాళ్లకు దేశవ్యాప్త లైసెన్సు గానీ రిజిస్టరు గానీ లేదు. గోడకు ఫ్రేము కట్టి తగిలించిన జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ట్రేడ్ లైసెన్సు ఆ షాపు వ్యాపారం చేసుకోవచ్చని చెబుతుంది. లోపల ఉన్న చేతులకు పని వచ్చో రాదో అది చెప్పదు.

బోర్డు లేని నాలుగో రకం కూడా ఉంది. బాలింతలకూ పసిపిల్లలకూ నూనె రాసి నీళ్లు పోసే పెద్దమ్మలు, ఇంటికొచ్చి మంచాన పడ్డవాళ్లకు కాళ్లూ చేతులూ రుద్దేవాళ్లు. వీళ్లు మెట్లు ఎక్కించరు, టేబుల్ ఎక్కమనరు, చాప మీదో మంచం మీదో పని కానిస్తారు. అందుబాటు అన్న మాట వినకుండానే అందుబాటులో ఉన్న సేవ ఇది. రక్తం పలచబడే మాత్రలు వాడే మనిషికి ఎంత ఒత్తిడి పెట్టాలో వీళ్లకు ఎవరూ చెప్పకపోవడమే లోటు.

ఇంతకీ మసాజ్ వల్ల ఏమవుతుంది? నడుం నొప్పి లాంటి వాటికి కొద్దికాలం ఉపశమనం ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి, అయితే ఆ ఆధారాలు అంత గట్టివి కావని ఆ పరిశోధకులే ఒప్పుకుంటారు. ఆందోళన తగ్గడం, హాయిగా అనిపించడం చాలామంది అనుభవమే. ‘ఒంట్లో విషాలు బయటికి పోతాయి’ అన్న ప్రచారానికి మాత్రం ఆధారం లేదు. పక్షవాతంలో పడిపోయిన చెయ్యి మాలిష్‌తో లేస్తుందన్న నమ్మకం ఇంకా ప్రమాదం. కోలుకోవడం ఆ చేతితో మళ్లీ మళ్లీ పని చేయించడం వల్ల వస్తుంది. బిగుసుకున్న కండరాన్ని మర్దన కాస్త వదులు చేయగలదు, అంతవరకే. పైగా పక్షవాతం తర్వాత భుజం కీలు వదులై ఉండవచ్చు. మాలిష్ చేస్తూ ఆ చేతిని పట్టుకు లాగితే కొత్త నొప్పి కొని తెచ్చుకున్నట్టే.

గుమ్మం నుంచి టేబుల్ దాకా

విశాఖ భవనాల్లో పేచీ గుమ్మం దగ్గరే మొదలవుతుంది. లిఫ్టు ఉంటుంది, లిఫ్టు దాకా చేరడానికి మూడు మెట్లు ఉంటాయి. ఆ మూడు మెట్లకు ర్యాంపు వేయడం తేలికనిపిస్తుంది గానీ లెక్క వేరు. కేంద్రం 2021లో ఇచ్చిన అందుబాటు మార్గదర్శకాలు ర్యాంపుకు 1:12 వాలు, అంటే ఎత్తుకు పన్నెండు రెట్ల పొడవు అడుగుతాయి. ఒక్కో మెట్టు 15 సెంటీమీటర్లయితే మూడింటికి 45. దాన్ని 12తో గుణిస్తే 540 సెంటీమీటర్లు, అంటే దాదాపు 18 అడుగుల ర్యాంపు. రోడ్డుకూ షాపుకూ మధ్య కాలువ, దాని మీద ఫుట్‌పాత్, దాని మీద బైకులు ఉన్న చోట 18 అడుగులు ఎక్కడ దొరుకుతుంది? అందుకే చాలామంది నిటారుగా ఒక సిమెంటు వాలు పోసి ర్యాంపు అంటారు. దాని మీద వీల్‌చైర్ ఎక్కదు. ఎక్కినా దిగేటప్పుడు అదుపు తప్పుతుంది.

లోపలికి వచ్చాక తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు, వీల్‌చైర్ తిరగడానికి గదిలో 150 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. ఒక ఫ్లాటును ప్లైవుడ్ అడ్డాలతో నాలుగు గదులు చేసిన స్పాలో ఆ ఖాళీ ఉండదు. ఇక టేబుల్. వీల్‌చైర్ సీటు నేలనుంచి సుమారు 48 సెంటీమీటర్ల ఎత్తు. మామూలు మసాజ్ టేబుల్ 60 నుంచి 80. ఆ తేడా దాటాలంటే ఇద్దరు మనుషులు ఎత్తి పడుకోబెట్టాలి. కరెంటు మీద కిందికి దిగే టేబుల్ ఉంటే మనిషి తన చేతుల బలంతో తనే జరిగిపోగలడు. ఎత్తి పడుకోబెట్టించుకోవడానికీ సొంతంగా జరగడానికీ ఉన్న తేడా అనుభవించేవాళ్లకే బాగా తెలుస్తుంది. కేరళ పద్ధతి చెక్క ద్రోణి (నూనె మర్దనకు పడుకోబెట్టే బల్ల) చూడ్డానికి అందంగానే ఉంటుంది. ఎత్తు మారదు, గట్టిగా ఉంటుంది, నూనె పడితే జారుతుంది. నడుం కింద స్పర్శ లేని మనిషిని దానిమీద గంటసేపు పడుకోబెడితే పిరుదుల దగ్గర, మడమల దగ్గర చర్మం దెబ్బతినవచ్చు. నొప్పి తెలియదు కాబట్టి వాళ్లు చెప్పలేరు కూడా.

ఖర్చు లేని మార్పులూ ఉన్నాయి. చెవులు వినపడని మనిషి బోర్లా పడుకున్నాక పెదవులు చూడలేరు, సైగలు చూడలేరు. గదిలో లైటు తగ్గిస్తే అసలేమీ కనపడదు. పడుకోకముందే నాలుగు సంకేతాలు అనుకోవాలి: భుజం మీద రెండుసార్లు తడితే తిరగమని, చెయ్యి పైకెత్తితే ఆపమని, అలాగన్నమాట. చూపు లేనివాళ్లకు చెప్పులు ఎక్కడ, బట్టలు ఏ కొక్కేనికి, తలుపు ఏ వైపు అన్నది మాటల్లో చెప్పి ఒకసారి చేతితో తాకించాలి. భారీకాయుల విషయంలో టేబుల్ ఎంత బరువు మోస్తుందో ముందే తెలుసుకుని ఉంటే, మనిషి ముందు నిలబడి పైనుంచి కిందికి చూసి అంచనాలు వేసే అవమానం తప్పుతుంది.

‘చేయలేం’ అనాల్సిన చోటు, అనకూడని చోటు

ఊహించిన నాలుగు ఉదాహరణలు తీసుకుందాం.

మోకాలి ఆపరేషన్ అయిన మూడు వారాలకు ఒకావిడ ‘కాలు లాగేస్తోందమ్మా, కాస్త పట్టండి’ అంటూ వచ్చారు. ఒక పిక్క మాత్రమే వాచింది, వేడిగా ఉంది, నొక్కితే నొప్పి. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. మర్దన చేస్తే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. ఇక్కడ ‘చేయం’ అనడంతో పని అయిపోదు, ఆ పూటే కేజీహెచ్‌కో దగ్గర్లోని ఆసుపత్రికో పంపాలి. ఆవిడ వయసుతో, ఆవిడ వైకల్యంతో ఈ నిర్ణయానికి సంబంధం లేదు. ఎవరు ఆ కాలుతో వచ్చినా ఇదే జవాబు.

రెండో మనిషి స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరయిన ఉద్యోగి. పాతికేళ్లుగా షుగర్, అరికాళ్లకు స్పర్శ తగ్గింది. ‘షుగర్ పేషెంట్లకు చేయం’ అంటే అది జాగ్రత్త కాదు, తెలియనితనం. ఆయనకు వద్దన్నది వేడి: వేడి రాళ్లు, కాగిన నూనె, పాదాలకు ఆవిరి. కాలినా ఆయనకు తెలియదు. పాదాలను ముందు వెలుతురులో చూసి, పుండ్లు లేవని నిర్ధారించుకుని, గోరువెచ్చని నూనెతో, మెత్తని ఒత్తిడితో చేస్తే సరిపోతుంది. మారాల్సింది పద్ధతి.

మూడో సందర్భం కాస్త చిక్కు. ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని వీల్‌చైర్ వాడుతున్న ముప్పయ్యేళ్ల యువకుడు. రోజంతా చక్రాలు తిప్పడం వల్ల భుజాలు పట్టేశాయి. రిసెప్షన్‌లో ‘డాక్టర్ లెటర్ తెండి’ అన్నారు. ఇది న్యాయమేనా?

వెన్నుపాము దెబ్బ ఛాతీ భాగంలోని ఆరో స్థాయి దగ్గరగానీ అంతకు పైనగానీ ఉంటే, దెబ్బకు కింది భాగంలో చిన్న ఇబ్బంది కలిగినా బీపీ ఒక్కసారిగా ఎగబాకవచ్చు. నిండిన మూత్రాశయం, మడతపడిన కేథటర్ (మూత్రం బయటికి తీసే) గొట్టం, బిగుసుకున్న బెల్టు, ఏదైనా చాలు. తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడటం, పైభాగంలో చెమటలు వస్తాయి. అప్పుడు వెంటనే లేపి కూర్చోబెట్టాలి, బట్టలు వదులు చేయాలి, గొట్టం సరిచేయాలి, తగ్గకపోతే అంబులెన్సు పిలవాలి. ఇది తెలియని థెరపిస్టు దగ్గర ఆ యువకుడు బోర్లా పడుకోవడం నిజంగా ప్రమాదమే. కానీ ఈ విషయాలు అతనికి అందరికన్నా బాగా తెలుసు. దెబ్బ ఏ స్థాయిలో, కేథటర్ ఉందా, ఎక్కడైనా చర్మం ఎర్రబడిందా, ఏ కదలికకు కండరాలు బిగుసుకుంటాయి అని నాలుగు ప్రశ్నలు అడిగితే లెటరులో ఉండేదానికన్నా ఎక్కువే తెలుస్తుంది. ఎముక ఉబ్బెత్తుగా తగిలే చోట చర్మం ఎర్రబడి ఉంటే అక్కడ రుద్దనే కూడదు. రుద్దితే రక్తప్రసరణ పెరుగుతుందనేది పాత నమ్మకం, పుండు త్వరగా పడటమే దాని ఫలితం.

లెటరు అడగడాన్ని సమర్థించేవాళ్ల వాదనలో కొంత బలం ఉంది. ఆరు నెలల శిక్షణతో వచ్చిన అమ్మాయి ఇంత బాధ్యత ఎలా మోస్తుంది, ఏదైనా జరిగితే పోలీసు స్టేషనుకు వెళ్లేది ఎవరు అని వాళ్లడుగుతారు. సరైన ప్రశ్నే. అయితే ఇటీవల ఆపరేషన్ అయిందనో బీపీ అదుపులో లేదనో లెటరు అడగడం ఒకటి, వీల్‌చైర్ కనపడగానే అడగడం ఇంకొకటి. కుర్చీ చూసి అడిగే లెటరు ఎక్కువగా మనిషిని వెనక్కి పంపే మర్యాదైన మార్గంగానే పని చేస్తుందని నా అభిప్రాయం.

నాలుగో ఉదాహరణ ఉత్తరాంధ్రకు బాగా తెలిసిన జబ్బు, బోదకాలు. జ్వరంతో, కాలు ఎర్రబడి ఉన్నప్పుడు ముట్టుకోకూడదు. ఆ దశ దాటాక కూడా డీప్ టిష్యూ పేరుతో గట్టిగా నొక్కడం కీడే. శోషరస వాపుకు వాడే మర్దన చర్మాన్ని మెల్లగా సాగదీసినంత తేలికగా ఉంటుంది, దానికి ప్రత్యేక శిక్షణ కావాలి. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చెయ్యి వాచినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. శిక్షణ లేని థెరపిస్టు ఆ కాలిని వదిలేసి మెడ, వీపు చేయవచ్చు. కాలు వాచిందని మనిషిని మొత్తంగా పంపేయనక్కర్లేదు. పాడేరు, అరకు వైపునుంచి వచ్చేవాళ్లలో కనిపించే సికిల్‌సెల్, అలాగే రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా, వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలే అయినా కంటికి కనపడవు. హీమోఫీలియాలో గట్టి ఒత్తిడికి కీళ్లలో రక్తస్రావం కావచ్చు. అంటే ఆరోగ్యం గురించి అలాంటి ప్రశ్నలు నడిచి వచ్చినవాళ్లను కూడా అడగాలి.

చట్టం ఎక్కడ గీత గీసింది

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది, 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులోని మూడో సెక్షన్ వైకల్యం కారణంగా వివక్ష చూపడాన్ని నిషేధిస్తూనే ఒక మినహాయింపు ఇచ్చింది: ఆ పని న్యాయమైన లక్ష్యం కోసం, ఆ లక్ష్యానికి తగిన మోతాదులో చేసిందని చూపించగలిగితే అది వివక్ష కాదు. పై ఉదాహరణలకు ఇది అతికినట్టు సరిపోతుంది. గడ్డకట్టిన కాలును ముట్టుకోకపోవడం ప్రాణరక్షణ అనే లక్ష్యానికి తగిన మోతాదు. భుజాలు పట్టమన్న యువకుడిని మొత్తానికే పంపేయడం ఆ మోతాదు దాటుతుంది.

అదే చట్టం ‘సముచితమైన సర్దుబాటు’ నిరాకరించడాన్ని కూడా వివక్ష కిందే లెక్కిస్తుంది. అయితే ఆ సర్దుబాటు మోయలేని భారం కాకూడదు. రెండు గదుల క్లినిక్కు లిఫ్టు కట్టించమనడం మోయలేని భారం కావచ్చు. కింది అంతస్తులో ఒక మడత టేబుల్ వేయడం కాదు. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి పది వేల రూపాయల వరకు, ఆ తర్వాత 50 వేల నుంచి 5 లక్షల వరకు జరిమానా ఉంది. భవనాల ప్రమాణాల విషయంలో 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో ఒక ముఖ్యమైన మాట చెప్పింది. మార్గదర్శకాలను సలహాలుగా వదిలేసిన నిబంధన చట్టానికే విరుద్ధమని కొట్టేసి, తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు రాయమని కేంద్రాన్ని ఆదేశించింది.

ట్రాన్స్‌జెండర్ల విషయంలో 2019 చట్టం ప్రజలకు అందుబాటులో ఉండే సేవలను నిరాకరించడాన్ని నిషేధించింది. మసాజ్ సెంటర్లలో ఇది ఇంకో ముడితో కలిసి వస్తుంది.

ఎవరు ఎవరికి చేయాలి, తలుపు మూయాలా

2021లో ఢిల్లీలో స్పాల నిబంధనలు ఆడవాళ్లకు ఆడవాళ్లే, మగవాళ్లకు మగవాళ్లే మసాజ్ చేయాలన్నాయి. వ్యభిచారాన్ని అరికట్టడం ఉద్దేశం. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధం అమలును నిలిపేసింది. తమిళనాడులోనైతే మద్రాసు హైకోర్టులోనే రెండు గొంతులు వినిపించాయి. 2021 చివర్లో ఒక న్యాయమూర్తి స్పాల్లో సీసీటీవీ కెమెరాలు పెట్టించమన్నారు. 2022 జనవరిలో మదురై బెంచ్‌లో మరో న్యాయమూర్తి అలాంటి కెమెరాలు మనిషికి తన శరీరం మీద ఉండే హక్కుకు భంగమన్నారు.

రెండు వైపులా నిజమైన భయాలే ఉన్నాయి. మూసిన గదిలో థెరపిస్టు మీద అఘాయిత్యం జరగవచ్చు, కస్టమరు మీదా జరగవచ్చు. ‘ఆడవాళ్లకు ఆడవాళ్లు’ అన్న నియమం మన ఊళ్లో చాలామంది ఆడవాళ్లకు ధైర్యం ఇస్తుంది, దాన్ని చాదస్తమని కొట్టిపారేయలేం. అదే నియమం ట్రాన్స్ మహిళను ఎటూ కాకుండా చేస్తుంది. భార్యను టేబుల్ మీదికి జరపడానికి లోపలికి రావాల్సిన భర్తనూ ఆపేస్తుంది. కొన్నిచోట్ల పాటించే మధ్యేమార్గం ఇది: ఎవరితో చేయించుకోవాలో కస్టమరు ఎంచుకోవచ్చు, చేయడానికి ఒప్పుకోవాలో లేదో థెరపిస్టు చెప్పవచ్చు, ఒకరు కాదంటే ఇంకొకరిని చూపించాల్సిన బాధ్యత సెంటరుది. చేస్తున్న భాగం తప్ప మిగతా ఒళ్లంతా దుప్పటి కప్పి ఉంచుతారు, తోడు వచ్చినవాళ్లు కావాలంటే గదిలోనే కూర్చోవచ్చు. మాటలు రాని పిల్లవాడైనా, మతిమరుపు వ్యాధి ఉన్న పెద్దాయనైనా, తల్లో కొడుకో సరేనన్నంత మాత్రాన సరిపోదు. చెయ్యి వేసినప్పుడు వాళ్లు బిగుసుకుంటే, ముఖం తిప్పుకుంటే అది వద్దన్నట్టే.

అందరికీ అన్న మాటలో టేబుల్‌కు ఇవతల నిలబడేవాళ్లు కూడా ఉన్నారు. జపాన్‌లో 17వ శతాబ్దం నుంచీ మర్దన చూపు లేనివాళ్ల వృత్తి. చూపున్నవాళ్ల కోసం కొత్త మసాజ్ స్కూళ్లు రాకుండా అడ్డుకునే చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు 2022లో సమర్థించింది. దక్షిణ కొరియాలో మసాజ్ లైసెన్సు చూపు లేనివాళ్లకే ఇస్తారు. రాజ్యాంగ న్యాయస్థానం 2006లో ఆ ఏర్పాటును కొట్టేస్తే పార్లమెంటు మళ్లీ చట్టం చేసింది, 2008లో కోర్టు ఒప్పుకుంది. ఇది జీవనోపాధికి కవచమని కొందరు, ఒకే వృత్తిలో బంధించడమని ఇంకొందరు అంటారు. మన దగ్గర అలాంటి కేటాయింపు లేదు. చూపు లేని థెరపిస్టును పెట్టుకోవడానికి చట్టపరంగా అడ్డూ లేదు.

లెక్క ఎక్కడ తేలుతుంది

ఒక థెరపిస్టు, ఒక గది, రోజుకు 8 గంటలు అనుకుందాం. అద్దె, జీతం, కరెంటు, నూనె, తువాళ్లు అన్నీ కలిపి రోజుకు 6,000 రూపాయలు అనుకుందాం. గంట మసాజ్, శుభ్రం చేయడానికి పావుగంట అయితే రోజుకు ఆరుగురు. లాభం లేకుండా తలకు 1,000. వీల్‌చైర్‌లో వచ్చిన మనిషికి ప్రశ్నలు, టేబుల్ మీదికి జరగడం, బట్టలు మార్చుకోవడం, మళ్లీ దిగడం కలిపితే రెండు గంటలు పడుతుంది. అందరూ అలాంటివాళ్లే అయితే రోజుకు నలుగురు, తలకు 1,500. రాష్ట్రంలో వికలాంగులకు ఎన్టీఆర్ భరోసా పింఛను నెలకు 6,000 రూపాయలు. వారానికొకసారి చొప్పున నెలకు నాలుగు మసాజులంటే పింఛను మొత్తం అక్కడే అయిపోతుంది.

ఎంత సమయం పడితే అంత డబ్బు తీసుకోవడం న్యాయమేనని కొందరు యజమానులంటారు. మెట్లు కట్టింది, ఎత్తు టేబుల్ కొన్నది మీరు, ఆ ఆలస్యానికి మేమెందుకు కట్టాలని వికలాంగులంటారు. మధ్యలో ఒక లెక్క ఉంది. రోజుకు మామూలు సెషన్లు మూడు, పొడవైనవి రెండు పెడితే 465 నిమిషాలు, 8 గంటల్లో సరిపోతుంది. ఐదుగురూ సమానంగా పంచుకుంటే తలకు 1,200. మామూలుగా వచ్చే ముగ్గురు 200 చొప్పున ఎక్కువ ఇస్తున్నారన్నమాట. ఆ 200 కోసం పక్క స్పాకు పోయేవాళ్లు ఎంతమందన్న దాని మీద సెంటరు నిలబడటం ఆధారపడుతుంది.

ఇంకో దారి టేబుల్‌ను పక్కన పెట్టడం. మనిషి తన వీల్‌చైర్‌లోనే కూర్చుని, బట్టలు మార్చకుండా, మెడ, భుజాలు, చేతులు అరగంట చేయించుకుంటే ముందువెనకలు కలిపి ముప్పావుగంటలో అయిపోతుంది. అదే ఖర్చుకు రోజుకు పది మంది, తలకు 600. భుజాలు పట్టేసిన ఆ యువకుడికి ఇది చాలు. నడుం నొప్పితో వచ్చినవాళ్లకు చాలదు, కుర్చీ వీపు అడ్డం వస్తుంది. వాళ్లకు టేబులే కావాలి, ఆ రెండు గంటలూ కావాలి.